15 నంబరు హెరిటేజ్ రూటు: ఒక్క ఆదివారం నడపాలన్నా ఏమేం కావాలి?

ఫ్లీట్‌స్ట్రీట్_శీను
లండన్‌లో పాత రూట్‌మాస్టర్లతో (వెనక తలుపు లేని, కండక్టరుండే డబుల్ డెక్కర్లు) నడిచిన హెరిటేజ్ సర్వీసుల సంగతి. 9, 15 రెండూ 2005 నవంబరు 14న మొదలయ్యాయి. 9కి 2014 జులైలో మంగళం పాడారు. 15ని 2019లో వేసవి వారాంతాలకూ బ్యాంకు సెలవులకూ కుదించారు. కరోనా వచ్చాక అది మళ్ళీ రోడ్డెక్కలేదు, 2021లో ఇక లేదని తేల్చేశారు. ఇప్పుడు ఔత్సాహికులు అక్కడక్కడా రన్నింగ్ డేలు పెడుతున్నారు గానీ, పెయింటు మీదున్న శ్రద్ధ రేడియేటరు మీద ఉండట్లేదు. మొన్న ఒకచోట, పేరు వద్దులెండి, రెండో ట్రిప్పుకే బండి ఆవిరి కక్కుతూ పక్కకు ఆగిపోయింది. జనమేమో దాని పక్కన నిలబడి సెల్ఫీలు.

నా ప్రశ్న సూటిగా. ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి టవర్ హిల్ దాకా, ఒక ఆదివారం, పావుగంటకో బస్సు. ఎన్ని బండ్లు, ఎంతమంది మనుషులు, ఏ కాగితాలు, ఏవి పాడవుతాయి? ఫొటోలు వద్దు, లెక్కలు కావాలి.

టైంటేబుల్_తాత
లెక్క నేను చెప్తా. స్ట్రాండ్, ఆల్డ్‌విచ్, ఫ్లీట్ స్ట్రీట్, లడ్‌గేట్ హిల్, సెయింట్ పాల్స్, కానన్ స్ట్రీట్, మాన్యుమెంట్, టవర్ హిల్. మొత్తం ఇంచుమించు నాలుగు కిలోమీటర్లు. ఆదివారం సిటీ ఆఫీసులు మూతబడి ఉంటాయి కాబట్టి అటువైపు రోడ్డు ఖాళీ, నత్తనడక అంతా స్ట్రాండ్ మీదే. పోను 30 నిమిషాలు, రాను 30 వేసుకోండి. చివర్లలో రెస్టు రెండువైపులా కలిపి 15. రౌండు ట్రిప్పు 75 నిమిషాలు. 75ని 15తో భాగిస్తే ఐదు బండ్లు.

ఆరోది స్పేరు, ఇంజను వేడిగా, డ్రైవరుతో సహా సిద్ధంగా ఉండాలి. షెడ్డులో పడుకున్న స్పేరు స్పేరు కాదు. అది వచ్చేలోపు నలభై నిమిషాల గ్యాప్ పడుతుంది, వెనకొచ్చే బండి నిండిపోతుంది, అక్కణ్ణుంచి చార్టు మొత్తం చెడుతుంది.

రైట్_రైట్
తాతగారూ, రెస్టు 15 అంటే టీ తాగడానికి ఏడున్నర నిమిషాలే. మన డిపోల్లో యూనియన్ ఒప్పుకోదు 😄

టైంటేబుల్_తాత
@రైట్_రైట్ టీ వేరే, రూలు వేరే. బ్రిటన్ దేశీయ నిబంధనల ప్రకారం ఐదున్నర గంటలు స్టీరింగ్ పట్టాక కనీసం 30 నిమిషాల విరామం ఇవ్వాలి, రోజుకు డ్రైవింగ్ పది గంటలు దాటకూడదు. పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా ఐదు బండ్లంటే ఒకేసారి ఐదుగురు డ్రైవర్లు, ఐదుగురు కండక్టర్లు. రిలీఫ్‌తో కలిపి ఏడుగురు ఏడుగురు లేకుండా చార్టు కుదరదు. పైన ఇద్దరు కంట్రోలర్లు, చెరో చివర ఒకరు. బ్రేక్‌డౌన్ వ్యానులో ఒక ఫిట్టరు. మొత్తం పదిహేడు మంది. హెరిటేజ్ రూటు ఎందుకు ఆగిందని అడిగేవాళ్ళు ముందు ఈ అంకె చూడాలి. మామూలు బస్సుకి మనిషి ఒక్కడే, దీనికి ఇద్దరు. టికెట్టేమో అదే ధర.

క్రొయ్‌డన్_కల్యాణి
అవును, చాలామంది మర్చిపోయే ముక్క అది. 9, 15 హెరిటేజ్ బండ్లలో మామూలు ఛార్జీయే, లండన్ రవాణా ఆయిస్టర్ కార్డూ చెల్లేది. టూరిస్టు బస్సులా ఎక్కువ తీసుకున్నది లేదు. 2022లో ఒక ప్రైవేటు సంస్థ పికడిలీ, వాటర్లూ మధ్య రూట్‌మాస్టర్లు మొదలుపెట్టినప్పుడు వేరే టికెట్టు పెట్టింది అందుకే.

గ్రీజుగన్_గోపి
శీను గారు చెప్పిన ఆవిరి కేసు గురించి. రూట్‌మాస్టర్ వేడెక్కడం రోగం కాదండీ, లక్షణం. నేను చూసే వరుస ఇది:

రేడియేటరు ముందు. షెడ్డులో ఏళ్ళ తరబడి నిలబడ్డ బండిలో నీటి గొట్టాల అడుగున మట్టి, తుప్పు పేరుకుని గడ్డకడుతుంది. బయట నుంచి ఎంత కడిగినా లాభం లేదు. కోర్ ఊడదీసి కింద నుంచి పైకి, అంటే మామూలు ప్రవాహానికి ఎదురు, నీళ్ళు తోలాలి. అప్పటికీ సగం గొట్టాలు మూసుకునే ఉంటే రీకోర్ (లోపలి గొట్టాల గూడు కొత్తది) చేయించడమే. ఇంజను నడిపి రేడియేటరు మీద చెయ్యి ఆనించి చూస్తే తెలిసిపోతుంది, ఎక్కడ చల్లగా ఉందో అక్కడ అడ్డం ఉంది.

రెండు, థర్మోస్టాట్. తీసి పారేసి "ఇప్పుడు చల్లగా నడుస్తోంది" అనేవాళ్ళున్నారు. చలికాలం అలా నడిపితే ఇంజను ఎప్పటికీ సరైన వేడికి రాదు, డీజిలు సరిగా మండదు, ఆయిల్లోకి దిగుతుంది. గిన్నెలో వేడినీళ్ళలో వేసి తెరుచుకుంటోందో లేదో చూసి పెట్టండి.

మూడు, ఫ్లూయిడ్ ఫ్లైవీల్, అంటే క్లచ్చు బదులు ఆయిలు ద్వారా ఇంజను శక్తిని గేర్‌బాక్సుకి అందించేది. అసలు దోషి చాలాసార్లు ఇదే. సిగ్నల్ దగ్గర గేర్‌లోనే ఉంచి బ్రేకు తొక్కి నిలబడితే ఇంజను తిప్పిన శక్తంతా ఆ ఆయిల్లో వేడిగా మారుతుంది. గ్లాండు (ఆయిలు సీలు) మాడుతుంది, ఆయిలు బయటికి చిమ్ముతుంది, పట్టు జారుతుంది, జారినకొద్దీ ఇంకా వేడి. స్ట్రాండ్ లాంటి రోడ్డు మీద ప్రతి ఆగింపులో న్యూట్రల్ చెయ్యని డ్రైవరుంటే రెండో ట్రిప్పు కూడా ఎక్కువే.

స్పానర్_సుబ్బు
గోపి, నాలుగోది వదిలేశావ్. ఈ బండ్ల అసలు ఇంజను, ఏఈసీ కంపెనీ ఏవీ590, వెట్ లైనర్ రకం. లైనర్ (పిస్టన్ ఆడే గొట్టం) చుట్టూ నీళ్ళు నేరుగా తగులుతాయి, అడుగున రబ్బరు రింగులే కాపలా. బండి ఏళ్ళు నిలబడితే రింగులు గట్టిపడతాయి. వేడెక్కిన మొదటిరోజే నీళ్ళు సంపులోకి, అంటే ఇంజను కింది ఆయిలు తొట్టిలోకి. డిప్‌స్టిక్ తీస్తే ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగులో ఉందా, ఇక స్టార్టు చెయ్యొద్దు. నడిపితే బేరింగులు పోతాయి.

నీళ్ళలో కలిపే యాంటీఫ్రీజ్ పాత తరహా నీలిరంగుదే వాడండి, మూడో వంతు. కొత్త కార్లకు వాడే ఎరుపు, గులాబీ రకాలు పాత సోల్డరుకూ పాత రబ్బరుకూ పడవు.

గ్రీజుగన్_గోపి
@స్పానర్_సుబ్బు ఒప్పుకుంటా. ఒక్క సవరణ, రంగు చూసి కొనకండి, డబ్బా మీద రకం చదవండి. కంపెనీకో రంగు.

కమ్మిన్స్_కిట్టయ్య
ఇంత గొడవెందుకు? హెరిటేజ్ 15లో తిరిగిన బండ్లలో ఏఈసీ ఇంజనే లేదు కదా. కమ్మిన్స్ బి సిరీస్ 5.9 లీటర్లది, దానికి ఆలిసన్ ఆటోమేటిక్. అంతకుముందు 1990ల్లోనే పొడుగు బండ్లకి కమ్మిన్స్ సి సిరీస్, ఇవెకో పెట్టేశారు. ఏ లారీ షాపుకెళ్ళినా ఫిల్టరు దొరుకుతుంది, ఇంజెక్టరు దొరుకుతుంది. రోజూ సర్వీసు నడపాలంటే అదే దారి. ఏఈసీ పిస్టన్ కావాలంటే ఎవరి గ్యారేజీలో ఎవరు దాచుకున్నారో వెతుక్కుంటూ తిరగాలి.

ఆల్డెన్‌హామ్_అంజి
అప్పుడది రూట్‌మాస్టర్ బొమ్మ తగిలించిన లారీ అవుతుంది. ఆ ఎపిసైక్లిక్ గేర్‌బాక్స్ రెండో గేర్‌లో పెట్టే ఊళ లేకపోతే జనం ఎందుకెక్కాలి? శీను గారు అడిగింది ఒక్క ఆదివారం. ఒక్క ఆదివారానికి అసలు ఇంజను చాలు.

కమ్మిన్స్_కిట్టయ్య
ఊళ వినడానికి బండి కదలాలి కదండీ అంజిగారూ.

రైట్_రైట్
😂😂 తాతగారి చార్టులో బ్రేక్‌డౌన్ వ్యాను ఎందుకుందో అర్థమైంది

ఆల్డెన్‌హామ్_అంజి
నవ్వండి. కానీ ఒక మాట. రూట్‌మాస్టర్‌కి ఛాసిస్ లేదు. అల్యూమినియం బాడీయే ఎముకల గూడు. ముందు ఏ ఫ్రేము, అందులో ఇంజను, స్టీరింగు, ముందు సస్పెన్షన్. వెనక బి ఫ్రేము, అందులో యాక్సిల్, స్ప్రింగులు. గేర్‌బాక్స్ ఈ రెంటిలోనూ కాదు, మధ్యలో బాడీకే వేలాడుతుంది. బాడీని ఎత్తి రెండు ఫ్రేములూ దొర్లించేసి ఇంకో జత ఎక్కించెయ్యడానికి అలా కట్టారు. 1986లో మూతపడిన లండన్ బస్సుల ఓవర్‌హాల్ కర్మాగారం ఆల్డెన్‌హామ్ వర్క్స్‌లో దశాబ్దాలు అదే పని జరిగింది. అందుకే ఇవాళ ఏ బండికీ పుట్టినప్పటి ఫ్రేము, పుట్టినప్పటి బాడీ కలిసి ఉంటాయని గ్యారంటీ లేదు. "ఒరిజినల్" అని కొట్లాడుకునేవాళ్ళు (నాతో సహా) ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇందువల్ల ఉపయోగం కూడా ఉంది. ఏఈసీ తీసి కమ్మిన్స్ పెట్టినా బాడీని కొయ్యక్కర్లేదు. మళ్ళీ ఏఈసీకి తిరిగి రావచ్చు. కొందరు అలా వెనక్కి మార్చుకుంటున్నారు కూడా.

కాగితాల_కామేశం
ఇంజన్ల పెళ్ళి తర్వాత చేసుకుందురు గానీ, కాగితాల మాట ఎవరూ ఎత్తలేదు. వరసగా రాస్తున్నా, ఎవరైనా తప్పుంటే చెప్పండి.

యాక్సెసిబిలిటీ (వికలాంగులు ఎక్కగలిగే వీలు) నిబంధనలు, అదే 2000 నాటివి. డబుల్ డెక్కర్లకు 2017 జనవరి 1 గడువు. పాతబండికి మినహాయింపు ఉంది. ఇరవై ఏళ్ళు దాటిన బండి క్యాలెండర్ ఏడాదిలో 20 రోజులకు మించి లోకల్ లేదా షెడ్యూల్డ్ సర్వీసు చెయ్యకూడదు. ఈ 20 రోజులు బండికి, రూటుకు కాదు. కాబట్టి ప్రతి బండికీ లాగ్ పుస్తకం పెట్టి తేదీ, రూటు రాసుకోండి. అదే బండి వేరే ఊళ్ళో ఇంకో రన్నింగ్ డేకి వెళ్తే అవీ లెక్కలోకే వస్తాయి. అరువు తెచ్చుకున్న బండి విషయంలో ఓనరుని అడక్కుండా ఎక్కించుకుంటే దొరికిపోతారు.

ఛార్జీ తీసుకుంటే పీఎస్వీ (ప్రజా రవాణా వాహనం) ఆపరేటర్ లైసెన్సు. "టికెట్టు లేదు, చందా డబ్బా పెడతాం" అంటారు కొందరు. ఎక్కాలంటే వెయ్యాల్సిందే అన్నట్టు ఉంటే అదీ కిరాయి కిందకే రావచ్చు. ఇన్సూరెన్స్ వాడితో ముందే రాతపూర్వకంగా మాట్లాడుకోండి.

లండన్ లోపల రూటు కాబట్టి ట్రాఫిక్ కమిషనర్ దగ్గర రిజిస్ట్రేషన్ కాదు, టీఎఫ్ఎల్ (లండన్ రవాణా సంస్థ) దగ్గర లండన్ సర్వీస్ పర్మిట్. స్టాపులు, చివర్లలో నిలిపే చోటు అన్నీ వాళ్ళతోనే తేల్చుకోవాలి.

పొగ ఎక్కువ వదిలే బండ్లకి ఛార్జీ వేసే ఉద్గారాల జోన్ల గొడవ తక్కువే. 1973కి ముందు తయారైనవాటికి మినహాయింపు ఉంది, రూట్‌మాస్టర్ ఆఖరిది 1968లోనే వచ్చింది.

వార్షిక పరీక్ష: నలభై ఏళ్ళు దాటితే వద్దు కదా అని కారు వాళ్ళ మాట విని కూర్చోకండి. డబ్బులకి జనాన్ని ఎక్కించే పెద్ద బస్సుకి ఆ సడలింపు లేదు. పైగా పన్నెండేళ్ళు దాటిన బండికి కనీసం ఆరు వారాలకోసారి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ జరగాలి.

డ్రైవరు: డి (బస్సు) లైసెన్సు, ప్రొఫెషనల్ అర్హత. ముప్పై ఏళ్ళు దాటిన బస్సుని కారు లైసెన్సుతో నడపొచ్చన్న మాట నిజమే, కానీ అది కిరాయికి కానప్పుడు, ఎనిమిది మందికి మించకుండా. సర్వీసుకి పనికిరాదు.

ఫ్లీట్‌స్ట్రీట్_శీను
కామేశం గారూ, ఇది విడిగా పిన్ చెయ్యాల్సిన పోస్టు. 20 రోజులు బండికే అన్నది నాకు తెలియని ముక్క. అంటే పది బండ్లుంటే...

కాగితాల_కామేశం
అంటే పది బండ్లకీ ఆరు వారాల ఇన్‌స్పెక్షన్లు, పది ఇన్సూరెన్సులు, పది షెడ్డు అద్దెలు. లెక్క అక్కడే ఆగుతుంది.

హౌన్స్‌లో_హరిణి
టైర్లు ఎవరూ చెప్పలేదేం? 2021 ఫిబ్రవరి 1 నుంచి బస్సు ముందు యాక్సిల్ మీద పదేళ్ళు దాటిన టైరు వెయ్యకూడదు. మ్యూజియం బండ్లు పట్టుబడేది ఇక్కడే. ట్రెడ్ కొత్తగా నిగనిగలాడుతుంది, పక్కగోడ మీద తేదీ చూస్తే దిమ్మతిరుగుతుంది.

ఆల్డెన్‌హామ్_అంజి
వెనక జంట టైర్లకి ఆ రూలు లేదని పాతవి వెనక్కి తోసేస్తారు. లోపలి టైరు పగుళ్ళు ఎవరికీ కనపడవు. రెంటి మధ్య టార్చి వేసి చూడండి.

స్పానర్_సుబ్బు
బ్రేకుల గురించి కాస్త పొడుగ్గా రాస్తా, విసుక్కోకండి.

రూట్‌మాస్టర్‌ది గాలి బ్రేకు కాదు, పవర్ హైడ్రాలిక్. పంపు తోసిన ఫ్లూయిడ్ ఒత్తిడి అక్యుములేటర్లలో నిల్వ ఉంటుంది. వాటిలో ఒకపక్క నైట్రోజన్, ఇంకోపక్క ఫ్లూయిడ్. నైట్రోజన్ జారిపోతే బండి నడుస్తున్నంతసేపూ బ్రేకు బాగానే ఉంటుంది, అందుకే మోసపోతారు. పరీక్ష తేలిక. ఇంజను నడిపి ఒత్తిడి పూర్తిగా ఎక్కించండి. ఇంజను ఆపండి. పెడల్ పూర్తిగా తొక్కి వదులుతూ, తక్కువ ఒత్తిడి హెచ్చరిక వచ్చేలోపు ఎన్నిసార్లు తొక్కగలిగారో లెక్కపెట్టి మాన్యువల్‌తో పోల్చండి. రెండు మూడు తొక్కుళ్ళకే హెచ్చరిక వచ్చిందంటే అక్యుములేటర్ తీసి ఛార్జి చేయించాల్సిందే.

ఫ్లూయిడ్ విషయంలో అంచనాలు వద్దు. మినరల్ రకానికి వేసిన సీళ్ళకి గ్లైకాల్ రకం పోస్తే సీళ్ళు ఉబ్బి మెత్తబడి మొత్తం పీకాలి. తిరగేసినా అంతే. ట్యాంకు మూత మీద రంగు పెయింటుతో రకం పేరు రాసి పెట్టండి. వాలంటీరు ఒకడు "కొంచెం తగ్గింది" అని చేతికందింది పోసేస్తాడు.

లైనింగులు: 1999లో బ్రిటన్‌లో ఆస్‌బెస్టాస్ నిషేధం వచ్చింది. కానీ పాత స్టాకు షూలు అట్టపెట్టెల్లో ఇంకా చేతులు మారుతున్నాయి. డ్రమ్ము విప్పగానే ఎయిర్‌లైన్‌తో దుమ్ము ఊదే అలవాటు మానుకోండి. తడిబట్టతో తుడవాలి. కొత్త లైనింగు వేశాక నేరుగా జనాన్ని ఎక్కించొద్దు, ఖాళీ బండితో ఒరుసుకునేదాకా తిప్పి, తర్వాత రోలర్ బ్రేక్ టెస్టరు మీద చూపించండి. ఒకే యాక్సిల్ మీద కుడి ఎడమల తేడా 30 శాతం దాటితే ఫెయిల్. దాటకపోయినా 20 ఉందంటే లడ్‌గేట్ హిల్ దిగేటప్పుడు స్టీరింగు చెప్తుంది.

గ్రీజుగన్_గోపి
పాపం లడ్‌గేట్ హిల్‌ని మరీ శ్రీశైలం ఘాట్ చేసేశావు

స్పానర్_సుబ్బు
ఖాళీ బండే ఏడున్నర టన్నుల దాకా. 64 మందిని వేసి వాన పడ్డ రోడ్డు మీద దించి చూడు.

క్రొయ్‌డన్_కల్యాణి
64 అన్నది పొట్టి బండికి. పైన 36, కింద 28. మధ్యలో సగం కిటికీ అదనంగా కనిపించే పొడుగు బండికి 72. కింద నిలబడేది ఐదుగురే, పైన గానీ ప్లాట్‌ఫారం మీద గానీ ఒక్కరూ నిలబడకూడదు. మీ పదిహేడు మందిలో కండక్టర్లే అసలు కీలకం. వెనక తలుపు లేని బస్సుని వందసార్లు చూసినవాళ్ళు కూడా ఫోను పట్టుకుని మెట్టు మీదే నిలబడతారు. సిగ్నల్ పడగానే దూకేస్తారు, వెనక సైకిల్ వస్తోందని చూడరు.

కాబట్టి రద్దీ స్టాపులో కండక్టరు పైడెక్కు మీద టికెట్లు ఇస్తూ ఉండకూడదు. స్టాపుకి ముందే దిగొచ్చి ప్లాట్‌ఫారం మీద స్తంభం పక్కన నిలబడాలి. వెనక్కి తీయాలంటే కండక్టరు దిగి చూపించాలి, లేకుంటే బండి కదలకూడదు. డ్రైవరు క్యాబిన్ విడిగా ఉంటుంది కాబట్టి నోటితో చెప్పే వీలు లేదు, గంటే భాష. ఒకటి కొడితే ఆపు, రెండు కొడితే పోనీ, మూడు కొడితే నిండిపోయింది స్టాపుల్లో ఆపకు, నాలుగు ప్రమాదం. పొద్దున డ్యూటీ ఎక్కేముందు డ్రైవరూ కండక్టరూ ఒకసారి ఎదురెదురుగా చెప్పుకోవాలి.

రైట్_రైట్
ఒకటికి ఆపు, రెండుకి రైట్ రైట్. మన ఆర్టీసీలో తాడు లాగినా ఇంతే. నా పేరు పెట్టుకున్నది ఊరికే కాదు.

డబుల్‌డెక్కర్_దస్తగిరి
చెట్లు మరిచిన్రు. ఎత్తు పద్నాలుగడుగులు దాటి నాలుగున్నర అంగుళాలు. పైడెక్కు ఎడమ ముందుమూల ఎప్పుడు సూసినా గీతలే ఉంటయ్, కొమ్మ తగిలి. సర్వీసు ముందురోజు ఒక బండిని ఖాళీగ రూటు మొత్తం తిప్పి, పైన ఒకర్ని కూసోబెట్టి కొమ్మలు, బోర్డులు, కట్టిన స్కాఫోల్డింగు రాసుకోవాలె. డైవర్షన్ రోడ్డు కూడ అట్లనే సూడాలె. పోలీసులు అటు మళ్ళించినంక వంతెన కనబడితే ఏం జేస్తవ్?

పెనుగొండ_ప్రసాదు
ఆర్టీ బండి (రూట్‌మాస్టర్‌కి ముందు తరం లండన్ డబుల్ డెక్కర్) తెస్తామని ఎవరైనా వస్తే డ్రైవర్ని వేరేగా పరీక్షించండి బాబూ. అది రూట్‌మాస్టర్ లాంటిది కాదు, ప్రీసెలెక్టర్. ముందు లివర్‌తో గేరు ఎంచుకుంటారు, తర్వాత ఎడమ పెడల్ తొక్కితే అప్పుడు మారుతుంది. చూట్టానికి క్లచ్చులా ఉంటుంది గానీ సగం తొక్కి వదిలితే స్ప్రింగు ఎదురుతన్ని కాలిని గట్టిగా కొడుతుంది, చీలమండ వాచిపోద్ది. ఎప్పుడు తొక్కినా నేలకంటా తొక్కాలి. ఆ బండ్లు లండన్ సర్వీసులోంచి 1979 ఏప్రిల్లో పోయాయి, కాబట్టి డ్యూటీ మీద నడిపిన చేతులు ఇప్పుడు దొరకడం కష్టం.

రూట్‌మాస్టర్‌కైతే క్లచ్చు పెడలే లేదు. అయినా ఆటోమేటిక్ కారులా తోలకూడదు. చేత్తో గేరు మారుస్తుంటే యాక్సిలరేటరు వదలండి, లివరు జరపండి, ఒక్క క్షణం ఆగండి, అప్పుడు తొక్కండి. ఆ క్షణం ఆగకపోతే బండి ముందుకి ఉలిక్కిపడుద్ది, పైడెక్కు మెట్ల మీద ఉన్నోడు కింద పడతాడు, గేర్‌బాక్సులో బ్యాండ్లు అరిగిపోతాయి. సమతలం మీద రెండో గేర్లోనే ఎత్తొచ్చు, మొదటిది ఎత్తు మీదే.

ఆల్డెన్‌హామ్_అంజి
@పెనుగొండ_ప్రసాదు బంగారం లాంటి పోస్టు.

బాడీ గురించి నేను రెండు ముక్కలు. అల్యూమినియం తుప్పు పట్టదని నిశ్చింతగా ఉండకండి. అల్యూమినియం, ఉక్కు కలిసే ప్రతిచోటా నీళ్ళు చేరితే అల్యూమినియమే తినబడుతుంది, తెల్లటి పొడి రాలుతుంది. ముఖ్యంగా ఫ్రేములు బాడీకి బిగించే చోట, ప్లాట్‌ఫారం అడుగున. ప్లాట్‌ఫారం మూల పేవ్‌మెంటు అంచుకి తగిలి తగిలి వంగి ఉంటుంది, అక్కణ్ణుంచి నీళ్ళు పైకి ఎక్కుతాయి. విప్పినప్పుడల్లా రెండు లోహాల మధ్య జాయింటింగ్ పేస్టు రాసి బిగించండి. పాత రివెట్టు పోయినచోట దొరికిన స్టీలు బోల్టు దూర్చెయ్యడం అతి పెద్ద పాపం.

కమ్మిన్స్_కిట్టయ్య
ఇందులో మాత్రం అంజిగారితో వాదన లేదు.

మణికొండ_మోహన్
లండన్ వాళ్ళ బాధ సరే. మన హైదరాబాద్‌లో ఎందుకు కుదరదు? నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా శాఖ 1932లో 27 బస్సులతో మొదలైంది, ఆ కాలపు ఆల్బియన్ బస్సు ఒకటి దాచిపెట్టారు కూడా. సికింద్రాబాద్ నుంచి జూపార్క్ వెళ్ళే 7జెడ్ డబుల్ డెక్కర్ అంటే ఊళ్ళో సగం మందికి తెలుసు. ఆ రూటు మీద నెలకో ఆదివారం తిప్పితే చాలదూ?

కాగితాల_కామేశం
రెండు గోడలున్నాయి మోహన్ గారూ. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నియమం యాభై ఏళ్ళు దాటిన టూవీలర్లకీ కార్లకీ మాత్రమే, బస్సు తరగతి అందులో లేదు. దాని కింద రిజిస్టరైన బండినీ కిరాయికి తిప్పకూడదు. రెండోది ఇంకా గట్టిది. 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వ వాహనాలు, రవాణా సంస్థల బస్సులతో సహా, పదిహేనేళ్ళు దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఆర్టీసీ దగ్గర పాత టైటన్ డబుల్ డెక్కర్ చెక్కుచెదరకుండా ఉన్నా రోడ్డెక్కించే నంబరు ఉండదు. ఇంగ్లండులో పాతబండికి 20 రోజుల కిటికీ ఒకటి తెరిచి ఉంచారు. మన దేశంలో అది లేదు. అడగాల్సింది ముందు ఆ సవరణ, తర్వాత బస్సు.

డబుల్‌డెక్కర్_దస్తగిరి
2023ల ట్యాంక్‌బండ్ మీద కరెంటు డబుల్ డెక్కర్లు తెచ్చిన్రు గదా. జనం అవే ఎక్కిన్రు, ఫొటోలు దిగిన్రు.

మణికొండ_మోహన్
అది కొత్త బండి అన్నా. ఏసీలో అద్దాలు మూసుకుని కూర్చుంటే 7జెడ్ ఎట్లయితది.

హౌన్స్‌లో_హరిణి
ఒక ఇబ్బందికరమైన మాట కూడా ఉండాలి ఈ చర్చలో. వీల్‌చెయిర్‌తో వచ్చిన మనిషి రూట్‌మాస్టర్ ఎక్కలేరు. మెట్టు ఎత్తు, మధ్యలో స్తంభం, లోపల ఇరుకు దారి. 9 ఆపినప్పుడు టీఎఫ్ఎల్ చెప్పిన కారణాల్లో ఇది ఒకటి. దాన్ని వంక అని కొట్టిపారేసేవాళ్ళతో నాకు పడదు.

ఆల్డెన్‌హామ్_అంజి
కానీ హెరిటేజ్ బండి పక్కనే మామూలు 15 లో-ఫ్లోర్ బస్సు తిరిగేది కదా. ఎవరి సీటూ లాక్కోలేదు.

హౌన్స్‌లో_హరిణి
అందుకే శీను గారి ఆదివారం కూడా అలాగే పెట్టాలి. మామూలు సర్వీసు స్థానంలో కాదు, దానికి అదనంగా. స్టాపులో కాగితం అంటించండి, వెనక ఎన్ని నిమిషాల్లో లో-ఫ్లోర్ బస్సు వస్తుందో కంట్రోలర్లు చెప్పగలగాలి.

టైంటేబుల్_తాత
అలా అయితే పాత బండి ఎప్పుడూ మామూలు 15కి ముందు కాక వెనక బయల్దేరాలి. ముందు పోతే ఇది అన్ని స్టాపుల్లో మెల్లగా ఎక్కించుకుంటుంటే వెనక అది ఇరుక్కుంటుంది, టీఎఫ్ఎల్ వాళ్ళకి తిక్కరేగుతుంది. రెండు మూడు నిమిషాలు వెనక పెట్టి చార్టు మళ్ళీ గీస్తా.

స్పానర్_సుబ్బు
డీజిలు మర్చిపోకండి. ఇప్పటి పంపు డీజిల్లో 7 శాతం దాకా బయోడీజిలు ఉంటుంది. నిలబడ్డ బండి ట్యాంకులో నీళ్ళు చేరి బూజు పెరుగుతుంది, ఫిల్టరు నల్లటి జిగురుతో మూసుకుంటుంది. సర్వీసుకి నెల ముందు ట్యాంకు అడుగు నుంచి సీసాలో పట్టి చూడండి. కింద నీటి పొర కనిపిస్తే మొత్తం దించి కడగాలి. లిఫ్టు పంపు డయాఫ్రమ్, పాత రబ్బరు పైపులు కొత్త రకానివి వెయ్యాలి. ఫిల్టర్లు మార్చాక గాలి తీసేటప్పుడు ముందు ఫిల్టరు దగ్గర స్క్రూ, తర్వాత ఇంజెక్షన్ పంపు దగ్గరది. ఈ వరుస తిప్పితే సాయంత్రం దాకా స్టార్టరు తిప్పుతూ కూర్చోవాలి. బ్రేక్‌డౌన్ వ్యానులో అదనపు ఫిల్టర్లు నాలుగు, ఫ్యాను బెల్టులు, హోసు పైపులు, క్లిప్పులు, యాభై లీటర్ల నీళ్ళు.

క్రొయ్‌డన్_కల్యాణి
గిబ్సన్ టికెట్ మిషను తెస్తారా? 1993 దాకా లండన్ కండక్టర్ల మెడలో ఉన్నది అదే. చేతిమర తిప్పితే తెల్లకాగితం చుట్ట మీద రూటు, ఛార్జీ అచ్చయి వచ్చేది. అసలు డబ్బుకి పనికిరాకపోయినా గుర్తుగా ఇవ్వొచ్చు. ఇంకు ప్యాడు ఆరిపోయి ఉంటుంది, ముందు వారమే చూసుకోండి.

ఫ్లీట్‌స్ట్రీట్_శీను
ఒక మిషను దొరికేలా ఉంది. ఇప్పటికి మాటిచ్చిన బండ్లు నాలుగు, మూడు ఏఈసీ, ఒకటి కమ్మిన్స్. హరిణి గారు చెప్పాక ముందు టైర్ల తేదీలు తెప్పించా. మూడింటివి సరే. నాలుగోదాని ఎడమ ముందు టైరు మీద డీఓటీ తర్వాత చివరి నాలుగంకెలు 3813. ఇది ఎట్లా చదవాలి?

హౌన్స్‌లో_హరిణి
2013లో 38వ వారం, అంటే సెప్టెంబరు. పదేళ్ళు ఎప్పుడో దాటింది, తీసెయ్యండి. కుడిది కూడా చూశారా? ఎడమది ఒక్కటే మార్చి రెండు పక్కలా రెండు రకాల టైర్లు వెయ్యకండి.

ఫ్లీట్‌స్ట్రీట్_శీను
కుడిది ఫొటోలో పేవ్‌మెంటు అడ్డం వచ్చింది. ఓనరుకి మళ్ళీ రాస్తున్నా.

కమ్మిన్స్_కిట్టయ్య
నాలుగోది కమ్మిన్స్ బండి కాదుగా?

ఫ్లీట్‌స్ట్రీట్_శీను
అదే.

ఆల్డెన్‌హామ్_అంజి
🙂